నెల సెలవు ఎవరిది?



ఉద్యోగంలో నెల రోజుల సెలవు దొరికితే ఏం చేయాలి? మన నాదర్‌గుల్ వాళ్లకు ధమ్మఖేత్త దూరమేం కాదు. సాగర్ రోడ్డు మీదే, వనస్థలిపురం కుసుమ్‌నగర్‌లో. 1976లో గోయంకా గారు మొదలుపెట్టిన విపశ్యన కేంద్రం. 10 రోజుల మౌనం, తెల్లవారుజామున 4 గంటలకే లేవాలి, ఫీజు లేదు, ఫోను అసలే ఉండదు.

బస్తీలో ఇంత పని పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చోవడం స్వార్థం కాదా అని మన కార్యకర్తలే కొందరు అడుగుతారు. కొట్టిపారేసే ప్రశ్న కాదిది. భిక్షువు తనను తాను తీర్చిదిద్దుకునేవాడా, సంఘానికి సేవ చేసేవాడా అని బాబాసాహెబే అడిగారు. ఆయన మొగ్గు సేవ వైపే. అలాగని విశ్రాంతిని ఆయన తక్కువ చేయలేదు. ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో సెలవు కావాలని లేబర్ మెంబర్‌గా బిల్లు తెచ్చిందీ ఆయనే. 1945లో అది చట్టమైంది.

నన్నడిగితే స్వార్థం కూర్చోవడంలో లేదు. మనం మౌనంలో ఉన్న ఆ 10 రోజులూ ఇంట్లో నీళ్లు పట్టిందెవరు, పిల్లల్ని బడికి పంపిందెవరు? ఇంటావిడకు ఏ సెలవు చట్టమూ లేదు. ఆమె నాలుగిళ్లలో పాచిపని కూడా చేస్తుంటే, మానేసిన రోజుకు జీతం కోతే.

అందుకని ముందు ఆమెను పంపండి. ఆడవాళ్లకు అక్కడ వేరే వసతి ఉంది. ఆమెకు కోత పడే డబ్బు మీ జీతంలోంచి తీయండి, వంటా పిల్లలూ మీరు చూసుకోండి. ఆ తర్వాత మీరు వెళ్లండి. మిగిలిన రోజుల్లో బస్తీ పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలున్నాయి, కులం సర్టిఫికెట్లున్నాయి. బౌద్ధం తీసుకున్నా ఎస్సీ హోదా పోదని, 1990 నుంచే చట్టంలో ఉందని ఆఫీసుకెళ్లి ఓపిగ్గా చెప్పి రావాలి.