పువ్వులు రాలిన తరువాత



గత ఈస్టరు దినమున బెంగుళూరులోని ఒక విశ్వాసి మా యింటికి ఆర్కిడ్ కుండీ తెచ్చి యిచ్చిరి. అది ఫాలనాప్సిస్ జాతి మొక్క. రెండు నెలలకు పైగా పూలు నిలిచినవి. వచ్చిన వారందరు మెచ్చుకొనిరి. తరువాత పూలన్నియు రాలిపోయెను. ఇక పనికిరాదనుకొని నేను కుండీని చెత్తబుట్ట ప్రక్కన పెట్టితిని. తోటపని తెలిసిన మా సంఘ సహోదరి ఒకరు అది చూచి, "అయ్యగారూ, ఇది చావలేదండీ. పూసి పూసి అలసిపోయింది, అంతే" అనిరి.

ఆమె నాకు నేర్పినది ఇది. పూలకాడ ఎండిపోయినచో మొదలంటా కత్తిరించవలెను. పచ్చగా నున్నచో క్రిందినుండి రెండవ లేక మూడవ కణుపునకు కొంచెము పైన కోసిన, అక్కడనుండి మరల చిగురు రావచ్చును. దీనికి మట్టి పనికిరాదు, బెరడు ముక్కలు, బొగ్గు ముక్కలు కావలెను. వేర్లు వెండి రంగుకు తిరిగినప్పుడే నీళ్లు పోయవలెను, పచ్చగా నున్నంతవరకు ఆగవలెను. అడుగున నీరు నిలిచినచో వేర్లు కుళ్లిపోవును. వెలుతురు కావలెను గాని మండుటెండ తగలరాదు. రాత్రులు చల్లబడు కాలమున క్రొత్త కాడ పుట్టును. అంతవరకు ఓర్పు వహించవలెను.

ఆమె మాటలు నా మనస్సాక్షిని పొడిచెను. ముప్పది యేండ్లు సండేస్కూలు నడిపిన ఒక తల్లి భర్త చనిపోయిన తరువాత ఆరాధనకు రావడము మానుకొన్నారు. అయిదు నెలలుగా నేను ఆమె గడప త్రొక్కలేదు. ఆ సాయంత్రమే వెళ్లితిని. "గొంతు పోయిందయ్యగారూ, పాట రావడం లేదు. ఇంక సంఘానికి నేనెందుకు?" అని ఆమె కన్నీరు కార్చిరి. నా దగ్గర జవాబు లేదు. ఉపదేశము చేయక ప్రక్కన కూర్చుంటిని. దుఃఖములో నున్న వారిమీద మాటలు కుమ్మరించుట కూడ వేర్లను కుళ్లబెట్టుటయే గదా!

లూకా సువార్త 13వ అధ్యాయములో ఫలింపని అంజూరపు చెట్టును నరికివేయుమని యజమానుడు చెప్పగా, ఇంకొక్క యేడాది గడువిమ్మని తోటమాలి బ్రతిమాలుకొనెను. ఊరకనే అడుగలేదు, చుట్టు త్రవ్వి ఎరువు వేయుదునని మాట యిచ్చెను. ప్రార్థించుటతో పాటు పార పట్టుట కూడ ప్రేమయే.

ఆర్కిడ్ అడవిలో పరుల చెట్టు నంటుకొని బ్రదుకును, అయినను బదనిక వలె దాని రసము పీల్చదు. పరభాషల నడుమ స్థిరపడిన మనకు ఈ మాట తెలియును. ఇక్కడ పువ్వు రాలిన వారిని ఆదుకొనుటకు సంఘము గాక మరి ఎవరున్నారు?

మా కుండీ యింకను పూయలేదు. క్రొత్త ఆకు ఒకటి వచ్చినది. ఆ తల్లి పోయిన ఆదివారము వెనుక బల్లమీద కూర్చుండిరి, పాడలేదు. నాకు అది చాలును. ఈ వారము మీ సంఘములో ఖాళీగా నున్న చోటు ఎవరిదో చూచి, వారి యింటికి వెళ్లుడి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.