ఫలాపేక్ష వదిలితే పని ఒత్తిడి తగ్గుతుందా?

పని ఒత్తిడి గురించి భారతీయ తత్వచింతన ఏమంటుందని అడిగితే మొదట వినిపించే సమాధానం నిష్కామకర్మ. పని చేయడం వరకే మనిషి వంతు, ఫలితం అతని చేతిలో లేదు, కనుక దానిమీద ఆశ పెట్టుకోకూడదన్నది దాని సారంగా అందరికీ తెలుసు. భగవద్గీత రెండో అధ్యాయంలోని 47వ శ్లోకం దీనికి ఆధారం. ప్రవచనాల్లో, సంస్థలు ఉద్యోగులకు పెట్టే శిక్షణ తరగతుల్లో ఒత్తిడికి విరుగుడుగా ఈ శ్లోకాన్నే చెబుతుంటారు. ఆ విరుగుడు నిజంగా పనిచేస్తుందా? పనిచేస్తే ఎంతవరకు? దాన్ని ఎవరు ఎవరికి చెప్పవచ్చు? ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మూడింటినీ ఒకటిగా కలిపేయడం వల్ల గీతకు అన్యాయం జరుగుతోంది, పనిచేసేవాళ్ల ఆరోగ్యానికి హానీ జరుగుతోంది.

ఆ శ్లోకం ఫలంమీద హక్కు లేదనడంతో ఆగదు. పని మానేయడంమీద మక్కువ పెంచుకోవద్దని కూడా అంటుంది. తర్వాతి శ్లోకం జయాపజయాల్లో సమంగా ఉండటాన్నే యోగమని నిర్వచిస్తుంది. ఫలితం కర్త చేతిలో ఎందుకు లేదో తెలియాలంటే పద్దెనిమిదో అధ్యాయం దాకా రావాలి. ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు కలవాలని అక్కడ ఉంది: పనికి ఆధారమైన శరీరం, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, దైవం. కర్త ఆ ఐదింటిలో ఒకడు మాత్రమే. అంతా తనవల్లే జరిగిందనుకునేవాడికి సరైన చూపు లేదని ఆ అధ్యాయం తేల్చి చెబుతుంది. ఇంటర్ ఫలితాలు తగ్గినందుకు రాత్రంతా నిద్రపట్టని లెక్చరర్‌కు ఈ విశ్లేషణ ఒక ఊరట. పిల్లవాడి శ్రద్ధ, ఇంటి పరిస్థితి, ఆనాటి ప్రశ్నపత్రం ఆయన చేతిలో లేవు. ఆయన చేతిలో ఉన్నది పాఠం.

ఫలాపేక్ష లేకపోవడమంటే ఫలితాన్ని పట్టించుకోకపోవడం కాదు. ఈ తేడాను ఆధునికుల్లో స్పష్టంగా చెప్పినవాడు గాంధీ. గీతకు తాను చేసిన గుజరాతీ అనువాదం ‘అనాసక్తి యోగం’ ముందుమాటలో, చేసే పనికి ఏ ఫలితం రావాలో, దానికి సాధనమేమిటో, చేయగల శక్తి తనకుందో లేదో తెలుసుకుని తీరాలని ఆయన వివరించాడు. ఇదంతా తెలిసి, పనిలో పూర్తిగా లీనమై, ఫలంమీద మాత్రం కోరిక లేనివాడే ఆయన దృష్టిలో త్యాగి. శక్తి ఉందో లేదో చూసుకోవాలన్న షరతు చిన్నదిగా కనిపిస్తుంది కాని, పని ఒత్తిడి చర్చకు అది చాలా ముఖ్యం.

ఈ బోధ శరీరానికి ఎలా మేలు చేస్తుందో ఇరవయ్యో శతాబ్దపు వైద్యశాస్త్రం సాయంతో చెప్పవచ్చు. ప్రమాదం ఎదురైనప్పుడు జంతువు పోరాటానికో పలాయనానికో ఒళ్లంతా సిద్ధం చేసుకుంటుందని వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. హాని ఏ రకమైనదైనా శరీరం స్పందించే తీరు ఒకే విధంగా ఉంటుందని 1936లో హాన్స్ సెల్యే ప్రకటించాడు. గుండె వేగం, రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ విడుదల చేస్తాయి. ఇది కాసేపు ఉండి తగ్గిపోతే మేలే చేస్తుంది. తగ్గకుండా నెలల తరబడి సాగితే రక్తనాళాలు, నిద్ర, జీర్ణశక్తి, జ్ఞాపకశక్తి అరిగిపోతాయి. బ్రూస్ మెక్‌ఈవెన్ ఈ అరుగుదల గురించే దశాబ్దాలపాటు పరిశోధించాడు.

మనిషికి మిగతా ప్రాణులకు లేని చిక్కు ఒకటుంది. ప్రమాదం ఎదురుగా లేకపోయినా దాని గురించిన ఆలోచనే అతని శరీరాన్ని అదే స్థితిలో ఉంచుతుంది. జరిగినదాన్ని నెమరువేయడం, జరగబోయేదానికి బెంగపడటం ఒత్తిడిని అసలు సంఘటన ముందుకూ వెనక్కూ సాగదీస్తాయని బ్రోషాట్, గెరిన్, థేయర్ 2006లో ప్రతిపాదించారు. నెలాఖరులోగా ఇన్ని పాలసీలు కట్టించాలని టార్గెట్ ఉన్న బ్యాంకు అధికారికి బ్రాంచిలో గడిచేది పగలు మాత్రమే. భోజనం దగ్గర, పడక మీద, పిల్లలతో మాట్లాడుతున్నప్పుడు కూడా ఆ అంకె వెంటాడుతుంది. అప్రైజల్‌లో రేటింగ్ తగ్గుతుందేమో, బదిలీ చేస్తారేమో అన్న ఊహలకు వేళాపాళా ఉండదు. ఫలంమీద తగులం వదలమనే బోధ సరిగ్గా ఈ సాగదీతను తెంచుతుంది. చేయవలసింది చేశాక మనసును దాన్నుంచి తీసేయగలిగినవాడి శరీరం రాత్రికైనా విశ్రాంతి పొందుతుంది. ఇది శ్లోకం విన్నంత మాత్రాన వచ్చే గుణం కాదు. సాధనతో వస్తుందని గీత ఆరో అధ్యాయంలో ఒప్పుకుంటుంది. అంతమేరకు నిష్కామకర్మ నిజంగా ఆరోగ్యాన్నిచ్చే బోధ.

అయితే ఒత్తిడి అంతా ఆలోచనలో పుట్టేది కాదు. పనే మోయలేనంత ఉన్నప్పుడు మనసు ఎంత సమంగా ఉన్నా శరీరం దెబ్బతింటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రచురించిన అంచనా ప్రకారం వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తం అందక మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. దీర్ఘ పనిగంటల వల్ల 2016 ఒక్క ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 7,45,000 మంది చనిపోయారని ఆ సంస్థలు లెక్కగట్టాయి. వాళ్లలో ఫలాపేక్ష ఉన్నవాళ్లెందరో లేనివాళ్లెందరో గుండెకు పట్టదు.

గంటలొక్కటే కాదు. పని ఎక్కువగా ఉండి, దాన్ని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువగా ఉన్న ఉద్యోగాలు అన్నిటికన్నా హానికరమని రాబర్ట్ కరాసెక్ 1979లో చూపించాడు. బ్రిటిష్ ప్రభుత్వోద్యోగుల మీద మైకేల్ మార్మట్ బృందం జరిపిన వైట్‌హాల్ పరిశోధనల్లో గుండెజబ్బులు పై అధికారులకన్నా కింది తరగతి ఉద్యోగుల్లోనే ఎక్కువగా కనిపించాయి. పెద్ద బాధ్యతలు మోసేవాళ్లకే టెన్షన్ ఎక్కువన్న నమ్మకాన్ని ఇది తలకిందులు చేసింది.

సామాజిక శాస్త్రవేత్త యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ చర్చకు మరీ దగ్గరిది. పడిన శ్రమకు తగిన జీతం, గౌరవం, ఉద్యోగ భద్రత దక్కనప్పుడు ఆరోగ్యం చెడుతుందని ఆయన అన్నాడు. దానికి తోడు, పనిని తలకెక్కించుకుని వదలలేని స్వభావాన్ని కూడా ఆయన ఆ సిద్ధాంతంలో చేర్చాడు. ఈ రెండో భాగం గీత చెప్పే ఆసక్తికి దగ్గరగా ఉంటుంది. మొదటి భాగం మాత్రం పనిచేసేవాడి మనసుకు బయట ఉన్నది. ఎవరో సరిచేయవలసిన అన్యాయం. ఒకదానికి మందు చెప్పి రెండోదాన్ని దాచిపెడితే అది వైద్యం కాదు.

ఇక గీత ఈ బయటి భాగాన్ని విస్మరించిందా అంటే, లేదు. విస్మరించినది దాన్ని ముక్కలుగా వాడుకునేవారే. ఆరో అధ్యాయం 16, 17 శ్లోకాలు తిండిలో, విహారంలో, పనిలో, నిద్రలో, మెలకువలో మితం తప్పినవాడికి యోగం లేదని, ఇవి మితంగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని చెబుతాయి. అంటే నిద్ర చాలని ఉద్యోగి సమత్వం సాధించలేకపోతే అది అతని ఆధ్యాత్మిక లోపం కాదు, ఆ గ్రంథమే విధించిన షరతు తీరకపోవడం. రాత్రి షిఫ్టులు వరసగా వేసి పొద్దున ధ్యానం నేర్పించడం ఈ క్రమానికి పూర్తిగా విరుద్ధం.

పద్దెనిమిదో అధ్యాయం ఇంకా ముందుకు వెళ్తుంది. అక్కడ కర్మను మూడు రకాలుగా విభజిస్తారు. తగులం లేకుండా, రాగద్వేషాలు లేకుండా చేసేది సాత్వికం. కోరికతో, అహంకారంతో, మితిమీరిన ఆయాసంతో చేసేది రాజసం. మూడోది తామసం: పర్యవసానం, నష్టం, హింస, తన సామర్థ్యం ఇవేవీ చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టేది. ఈ 25వ శ్లోకం ప్రవచనాల్లో అరుదుగా వినిపిస్తుంది. రెండో అధ్యాయపు 47వ శ్లోకంతో సమానంగా వినిపించవలసినది. పదిమంది చేయాల్సిన ప్రాజెక్టును నలుగురితో ముగించాలని తేదీ పెట్టడం, ఒక నర్సుకు రెండు వార్డులు అప్పగించడం, వాళ్ల ఒళ్లు హూనమవుతుందని తెలిసీ ముందుకెళ్లడం, ఈ కొలతతో చూస్తే తామసమే. అక్కడ దోషం పని మొదలుపెట్టించినవాడిది.

బయటినుంచి చూస్తే అచ్చం నిష్కామకర్మలా కనిపించే స్థితి ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ పదకొండో కూర్పు 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. అందులో ‘బర్నవుట్’ను జబ్బుగా కాక, అదుపు చేయని దీర్ఘకాలిక పని ఒత్తిడి ఫలితంగా పేర్కొన్నారు. దాని లక్షణాలు మూడు: సత్తువ ఉడిగిపోవడం, పనినుంచి మనసు దూరమై విముఖత పెరగడం, పనితనం తగ్గడం. ఇందులో రెండోది వైరాగ్యంలా అనిపిస్తుంది. వస్తే వస్తుంది, పోతే పోతుంది అనే మనిషి స్థితప్రజ్ఞుడా, అలసి సొలసినవాడా? గీతలోని సాత్విక కర్త లక్షణాలు చూస్తే సందేహం తీరుతుంది. అతనికి తగులం లేదు, అహంకారం లేదు. కాని ధైర్యం, ఉత్సాహం ఉంటాయి. ఉత్సాహం ఉన్న నిర్లిప్తత ఆరోగ్యం, ఉత్సాహం ఎండిపోయిన నిర్లిప్తత ప్రమాద సూచన. రెండో స్థితిలో ఉన్నవాడికి మరికొంత వైరాగ్యం బోధిస్తే అతను ఇంకా కుంగిపోతాడు. పైగా విషాదం, బద్ధకం, వాయిదా వేయడం గీతలో తామస కర్త లక్షణాలుగా ఉన్నందున అలసిన మనిషిని తామసుడని ముద్రవేసే అవకాశమూ ఉంది. అది క్రూరత్వమే అవుతుంది. అతని తమస్సు స్వభావం కాదు, పని పిండేసిన తర్వాత మిగిలిన పిప్పి.

ఇక ఎవరు ఎవరికి చెప్పవచ్చన్న ప్రశ్న. ఫలాన్ని వదులుకోవడం ఎవరికి వారు తీసుకునే వ్రతం. వేరొకరి శ్రమఫలం చేజిక్కించుకునేవాడు, ఫలం ఆశించవద్దని ఆ శ్రామికుడికే చెబితే ఆ మాటకు బోధ అన్న పేరు తగదు. గీతలో చెప్పినవాడికి విన్నవాడి శ్రమవల్ల లాభమేమీ లేదు. అంతా చెప్పాక కూడా, బాగా ఆలోచించుకుని ఇష్టమొచ్చినట్టు చేయమని నిర్ణయాన్ని అర్జునుడికే వదిలేశాడు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు జీతం అడిగినప్పుడు మీది సేవ కదా అని గుర్తుచేయడంలో ఈ అపచారమే ఉంది. వాళ్ల పనిలో సేవాభావం నిజం. ఆ నిజం తక్కువ జీతానికి సాకు కాకూడదు.

పని ఇచ్చేవాడి ధర్మం గురించి మతాలు మౌనంగా లేవు. దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు యజమాని విధులు ఐదు చెప్పాడు: శక్తికి తగ్గట్టు పని పంచాలి, తిండి, కూలి ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, మంచి వంటకాలు పంచుకోవాలి, వేళకు సెలవివ్వాలి. పని శక్తిని మించకూడదన్నది వాటిలో మొదటిది. అదే బుద్ధుడు, పాదాలు నెత్తురోడేదాకా నడుస్తూ సాధన చేసిన సోణుడనే భిక్షువుకు మరీ బిగించిన వీణ తీగ పలకదని చెప్పి నెమ్మదించమన్నాడు. మోక్షసాధనకే మితం అవసరమైతే నెలసరి టార్గెట్లకు ఆ మితం ఇంకెంత కావాలి! భరించలేని పని సేవకులమీద మోపవద్దని, మోపితే తోడ్పడమని ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది. యూదుల సబ్బాతు విశ్రాంతి ఇంటి యజమానితో ఆగక సేవకులకూ, పశువులకూ వర్తిస్తుంది. రోజుకు 8, వారానికి 48 గంటలన్న హద్దు 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒప్పందంగా చట్టం రూపంలో వచ్చింది. దాని వెనకున్న నైతిక భావన ఎంతో పాతది.

మిగిలిన ప్రశ్న స్వధర్మానిది. దోషమున్నా సహజమైన కర్మను వదలకూడదని, ఒళ్లు నొస్తుందన్న భయంతో విధిని మానడం రాజస త్యాగమని గీతలో ఉండటం వల్ల, ఆరోగ్యం చెడుతున్నా ఉద్యోగం మారడం పలాయనమేమోనని కొందరు మథనపడతారు. ఆ శ్లోకాలు మాట్లాడేది మనిషి స్వభావానికి చెందిన విధి గురించి. ఒకానొక సంస్థతో కుదిరిన ఒప్పందం గురించి కాదు. బోధించడం ఒకరి స్వధర్మం కావచ్చు, ఒకే కళాశాలలో బోధించడం కాదు. వైద్యం స్వధర్మం కావచ్చు, 36 గంటల డ్యూటీ కాదు. తెలుగు నీతి ఈ విషయంలో ఎప్పుడో తేల్చింది: అడిగిన జీతం ఇవ్వని దొర కొలువులో వేగడంకన్నా ఎద్దులు కట్టుకుని మడి దున్నుకుని బతకడం మేలని సుమతీ శతకకారుడి తీర్పు. పొలం లేనివాడికి, ఇంటి రుణం నెత్తిన ఉన్నవాడికి ఆ దారి సులువు కాదు. అలాంటివాళ్లకు సంఘంగా కూడి పనిగంటలు, సెలవులు అడగడమే దారి, అదీ కర్మే. అప్పటికే నిద్ర, ఆకలి పోయి, బతకాలన్న ఆశ సన్నగిల్లినవాళ్లకు ముందు కావలసింది వైద్యుడు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.