క్రీడయు లీలయు

జపాను దేశమున సంచరించుచు, టోక్యో సముద్రతీరమందలి ఒదైబా యను కృత్రిమద్వీపముపై సెగా అను వీడియోగేముల సంస్థ 1996లో నెలకొల్పిన జాయ్‌పోలిస్ అను క్రీడామందిరమును దర్శించితిని. సూర్యకాంతి చొరని ఆ అంతస్తులలో తెరలును, కదలు పీఠములును, కృత్రిమధ్వనులును గూడి లేని లోయలను, రాని ప్రమాదములను కల్పించుచుండును.

సర్పమని భ్రమించిన రజ్జువును రజ్జువని యెఱిగినంతనే సర్పభయము తొలగునని వేదాంతులందురు. కాని ఆ పీఠమున గూర్చున్నవాడు, ఎదుటి అగాధము వట్టి వెలుతురని ముందే యెఱిగియు గజగజ వణకుచు, వణకుచునే నవ్వుచున్నాడు. జ్ఞానము భయమును తొలగింపలేదా? దాని కాటును తొలగించి, రుచిని మిగిల్చినది. భయానకము రసమగుట యిట్లే.

అట్లయిన సంసారమును గూడ ఆటగా చూడరాదా యందురేమో. బ్రహ్మసూత్రకర్తయగు బాదరాయణుడు సృష్టిని కేవలలీల యనెను. శంకరులు దానిని వివరించుచు, కోరికలన్నియు తీరిన రాజు విహారమును, అప్రయత్నముగ సాగు ఉచ్ఛ్వాసనిశ్వాసములను దృష్టాంతములుగ జూపి, లోకమందలి క్రీడలలో నేదో సూక్ష్మప్రయోజన ముండవచ్చును గాని ఈశ్వరలీలకు అదియు లేదనిరి. టిక్కెట్టు కొని, ఆటలో తన అంకె యితరుల అంకెను మించవలెనని తహతహలాడు మనకు ఆ పూర్ణకామత్వ మెక్కడిది? పైగా ఆ మందిరపు లోయలలో పడినవానికి దెబ్బ తగులదు. వెలుపల పడినవాడు నిజముగ నొచ్చును. కావున పరుల దుఃఖమును ఆటయని త్రోసిపుచ్చుట వేదాంతము కానేరదు. తన గెలుపోటములను మాత్రమే ఆటగా నెంచి, ఎదుటివాని నొప్పిని నొప్పిగానే గుర్తించువాడు లీలాతత్త్వమునకు కొంత సమీపించినవాడు.