అతిథి మౌనము

అతిథిని దేవునిగా భావింపుమన్న ఉపనిషద్వాక్యము మన ఉగాది సభలలో వినబడని యేడు లేదు. కాని అది అన్నము పెట్టువానికి చెప్పిన ధర్మము. తినువాని ధర్మమేమి? ఈ ప్రశ్న నాకు గ్రంథముల వలన గాక, మా అన్నగారి మనుమని వలన కలిగినది.

అతడు 2017 జూలైలో, మన ఊరి వృద్ధాశ్రమమునకు ధనము కూర్చుటకై, జర్మనీలో హాంబుర్గు నుండి మ్యూనిక్ వరకు సైకిలు యాత్ర చేసెను. దాతలిచ్చిన సొమ్ములో ఒక్క యూరో అయినను తన బసకు వాడరాదని నియమము పెట్టుకొనెను. ఆ నెలలో ఉత్తర జర్మనీలో విస్తారముగా వానలు కురిసెను. లూనెబుర్గు హీత్ అను పొదల మైదానములో, హెర్మన్స్‌బుర్గునకు సమీపమందలి ఒక పల్లె చేరునప్పటికి అతడు పూర్తిగా తడిసిపోయెను. అచ్చటి చర్చి సంఘమువారు తమ సంఘభవనమున పడక వేసిరి, తడిబట్టలు ఆరబెట్టిరి, బంగాళదుంపల సూపు, నల్లరొట్టె, చీజు పెట్టిరి. మాంసము ముట్టనని చెప్పగా మారుమాట లేక పళ్లెము తీసివేసిరి.

ఈ హెర్మన్స్‌బుర్గు మనకు పరాయి పేరు కాదు. లూయీ హార్మ్స్ అను పాదిరి అచ్చట 1849లో మిషను స్థాపించెను. ఆయన పంపినవారు 1853లో కందాకే అను తమ సొంత ఓడనెక్కి ఆఫ్రికాకు బయలుదేరి, 1854లో నేటాలులో తమ ఊరి పేరుతోనే ఒక ఊరు కట్టుకొనిరి. ట్రూరో ఓడ మద్రాసు నుండి మనవారిని డర్బను రేవున దింపినది 1860 నవంబరు 16న. అనగా మనకు ఆరేండ్లు ముందే వారిక్కడ నుండిరి. ఆ దశకములోనే ఆగస్టు మైలియస్ అను వారి పాదిరి నాటి నెల్లూరు మండలమున, నాయుడుపేట ప్రాంతమున తెలుగువారి నడుమ పని మొదలుపెట్టెను. నేటి దక్షిణాంధ్ర లూథరన్ సంఘమునకు మూలమదియే.

కనుక "తెలుగువాడను, నేటాలు నుండి వచ్చితిని" అని కుర్రవాడు చెప్పగానే, వడ్డించుచున్న వృద్ధురాలి ముఖము వికసించెను. "అయితే నీవు మావాడవే!" అనెను. వారు భోజన ప్రార్థన పాడిరి. అతడు చేతులు జోడించి ఊరకుండెను. తాను హిందువునని చెప్పలేదు. ఒక్క అబద్ధమైనను ఆడలేదు. వారి ఊహను సరిదిద్దలేదు, అంతే. ఆ రాత్రి వెచ్చని పడకలో అతనికి నిద్ర పట్టలేదట.

మా వదినగారికి ఈ సంగతి తెలిసినప్పుడు, పరాన్నమే తప్పనిరి. నేనట్లు తలపను. శ్రీకృష్ణుడు హస్తినలో దుర్యోధనుని విందును కాదన్నప్పుడు చెప్పిన న్యాయము తెలిసినదే: ఒకరి అన్నము ప్రీతి వలననైనను తినవలెను, ఆపద వలననైనను తినవలెను. ఆ రెండునూ లేనిచోట తినక, విదురుని యింటికి పోయెను. తినుట తప్పు కాదు. దేని వలన తినుచున్నామో యెరుగకపోవుట తప్పు.

మా తండ్రిగారు మిషను బడిలో చదివిరి. ఆ రోజులలో చెరకుతోట పిల్లలకు అందుబాటులో నున్న బడి అదియొక్కటే. పగలు క్రీస్తు కీర్తనలు పాడి, సాయంకాలము ఇంట రామునికి దీపము పెట్టెడివారు. ఆ సంగతి బడిలో నెన్నడును చెప్పలేదు. అది ఆపద. ఆ మౌనమును నేను తప్పుపట్టలేను. ఆ మౌనము లేనిచో నేనీ నాలుగు మాటలు వ్రాయగలిగి యుండెడివాడను కాను.

మరి కుర్రవానిది? కర్ణుడు బ్రాహ్మణుడనని చెప్పి పరశురాముని వద్ద అస్త్రవిద్య గ్రహించెను. నిజము బయటపడి శాపము పొందెను. కాని కర్ణుని అంచనా తప్పు కాదు. నిజము చెప్పినచో విద్య దొరకదు. మనవాడు మాత్రము తన కెదురైన వారిని పరశురాములని ముందే నిశ్చయించుకొనెను. మిషను చరిత్ర యెరిగినవానికి ఆ శంక కలుగుట సహజమే. జర్మను తత్త్వవేత్త కాంటు 1795లో శాశ్వత శాంతిని గూర్చి వ్రాయుచు, పరదేశికి శత్రువుగా చూడబడకుండు హక్కు కలదనియు, అతిథిగా ఇంట నుండు హక్కు లేదనియు, దానికి వేరొక ఒడంబడిక కావలెననియు చెప్పెను. పరదేశములకు పోయి ఆక్రమించిన యూరోపువారిని ఆయన అచ్చటనే దూషించెను. ఆ లెక్కన మనవానికి పడక హక్కుగా రాలేదు. ఒడంబడికయు లేదు. వారు ఊరకనే యిచ్చిరి. ఊరక యిచ్చినదానికి లోలోపల ధర కట్టి, ఆ ధర తన మౌనముతో చెల్లించితినని అతడనుకొనెను.

తెల్లవారగానే అతడు ఆ వృద్ధురాలితో ఉన్నమాట చెప్పెను. ఆమె రొట్టె కోయుట ఆపి, కొంతసేపు ఊరకుండి, "రాత్రియే చెప్పినచో మేమేమి చేయుదుమనుకొంటివి?" అని అడిగెను. ఆమె గొంతులో కోపము లేదు, నొప్పి కలదని అతడు చెప్పెను. అతనికి జవాబు దొరకలేదు. నాకును దొరకలేదు. అబద్ధమాడుట కంటె, మంచివారిని చెడ్డవారిగా తలచి వారి అన్నము తినుట పెద్ద అపచారమేమో అని అప్పటినుండి ఆలోచించుచున్నాను. నా తరమువారిలో ఆ అపచారము చేయనివారెందరు?

ఆమె పిమ్మట అతిథుల పుస్తకము తెచ్చి, "నీ పేరు నీ లిపిలో వ్రాయుము" అనెను. రాత్రి అతడు ఆంగ్లములో నొక పొడి సంతకము మాత్రము చేసియుండెను. తెలుగు అక్షరములు అతడు మన వారాంతపు బడిలో నేర్చి మరచెను. అందుచేత ఆ ఉదయము ఆరు గంటలకు మా ఇంట టెలిఫోను మ్రోగెను. "చిన్నతాతా, మన ఇంటిపేరులో మొదటి అక్షరమునకు దీర్ఘము ఉండునా?" అని అడిగెను. ఉండునని చెప్పి, ఒక్కొక్క అక్షరము వంపు ఎట్లు తిరుగునో వివరించితిని. మూడు పర్యాయములు కొట్టివేసి వ్రాసెనట.