మూడో కాలం

పోయిన సంక్రాంతికి ముందు మా వయొలిన్ మాస్టారికి వాట్సాప్‌లో ఓ నలభై సెకన్ల ఆడియో పంపాను. కల్యాణి వర్ణంలో చిట్టస్వరం, మూడో కాలంలో. వయొలిన్ మీద కాదు, సింథసైజర్ మీద. మర్నాడు పొద్దున్నే ఆయన నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఒరేయ్, మూడో కాలంలో అంత గమకం ఎలా పట్టావురా? నలభై ఏళ్ళబట్టీ వాయిస్తున్నా, నా చేతికి రాలేదు."

నేను ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

అది నా చేతికీ రాలేదు. నా దగ్గర రెండు వేగాల్లో నడిచే పాత ఫోర్-ట్రాక్ క్యాసెట్ రికార్డర్ ఒకటుంది. ఇంట్లో కూర్చుని ఒక్కడే నాలుగు వాద్యాలు రికార్డ్ చేసుకునే ఈ రకం పెట్టె 1979లో టియాక్ కంపెనీ తెచ్చిన పోర్టాస్టూడియోతో మొదలైంది. మామూలు క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడిస్తే, అది దానికి రెట్టింపు నడిచేది. నాణ్యత కోసం పెట్టిన వేగమే, కానీ తక్కువ వేగంలో రికార్డ్ చేసి ఎక్కువ వేగంలో వినిపించే వీలు ఎప్పుడైతే ఉందో, చిలిపి పనులూ మొదలవుతాయి. నేను చేసిందీ అదే. ఒక స్థాయి కిందకి దిగి, మంద్రంలో, రెండో కాలంలో వాయించాను. టేపు వేగం రెట్టింపు చేయగానే స్వరం ఒక స్థాయి పైకొచ్చి మామూలు చోట నిలబడింది, రెండో కాలం మూడో కాలమైపోయింది.

ఈ పని నాకంటే చాలా ముందే లెస్ పాల్ చేశాడు. 1948లో వచ్చిన 'లవర్' రికార్డులో ఎనిమిది గిటార్లు వినిపిస్తాయి. ఎనిమిదీ ఆయనవే. కొన్ని భాగాలు సగం వేగంలో రికార్డ్ చేసినవి, అందుకే ఆ గిటార్ తుమ్మెదలా ఝుమ్మంటూ మనిషి వేళ్ళకి అందని చోట తిరుగుతుంది. అప్పటికి ఆయన చేతిలో టేపు కూడా లేదు. హాలీవుడ్‌లో తన ఇంటి గరాజ్‌లో, ఒక డిస్కు మోగుతుంటే దానితోపాటు వాయిస్తూ ఇంకో డిస్కు మీద చెక్కుకుంటూ పోయాడు. 1949లో బింగ్ క్రాస్బీ ఆయనకి ఒక ఆంపెక్స్ టేప్ రికార్డర్ ఇచ్చాడు. దానికి ఇంకో హెడ్ బిగించి, పాత వాయిద్యాన్నీ కొత్తదాన్నీ కలిపి అదే టేపు మీద మళ్ళీ రాసే పద్ధతి కనిపెట్టాడు. ఇందులో అన్‌డూ లేదు. ఏడో పొర దగ్గర చెయ్యి జారితే కింది ఆరు పొరలూ పోయినట్టే, మళ్ళీ మొదటినుంచీ. రోజుకి వందసార్లు కంట్రోల్-జెడ్ నొక్కి బతికే నాలాంటివాడికి ఆ ధైర్యం ఊహకి కూడా అందదు. కాబట్టి 'లవర్'ని మోసం అనడానికి నాకు నోరు రాదు. అది సాధనే, కాకపోతే వేళ్ళది కాదు.

మరి నాదెందుకు మోసంలా అనిపిస్తోంది?

మొదట దీని గురించి ఒక ఇంజనీరు లాగానే ఆలోచించాను. టేపు వేగం పెంచితే స్వరంతోపాటు వాద్యం శరీరం కూడా మారుతుంది. మనిషి గొంతుకి ఒక పొడవుంది, వయొలిన్ చెక్కకి ఒక సైజుంది. వేగం రెట్టింపు చేస్తే వినేవాడికి అవి సగమైపోయినట్టు వినిపిస్తాయి. 1958లో రాస్ బాగ్దసారియన్ తన గొంతుని సగం వేగంలో రికార్డ్ చేసి 'విచ్ డాక్టర్' పాటలో వాడితే, అదే ఏడాది చిప్‌మంక్‌లు పుట్టుకొచ్చాయి. వినగానే నవ్వొస్తుంది. ఎందుకంటే అబద్ధం తనంతట తనే బయటపడిపోతోంది. నేను అదే చిట్టస్వరం వయొలిన్ మీద వాయించి ఉంటే దోమ పాడినట్టుండేది, మాస్టారు రెండు సెకన్లలో పట్టేసేవారు. సింథ్‌కి శరీరం లేదు. ఫిల్టర్‌ని ముందే కాస్త మూసి రికార్డ్ చేశాను, వేగం పెరిగాక ధ్వని సరిగ్గా మామూలుగా వచ్చింది. తన ఆనవాలు తనే చెరిపేసుకునే వాద్యం అది.

అలాగని సింథ్‌ది తప్పనీ కాదు. 1968లో వెండీ కార్లోస్ 'స్విచ్డ్-ఆన్ బాక్' చేసినప్పుడు ఆమె మూగ్ ఒకసారికి ఒకే స్వరం పలికేది, శ్రుతి కూడా కాసేపటికే జారిపోయేది. ఒక్కో వరసా విడివిడిగా ఎనిమిది ట్రాకుల టేపు మీద పేర్చుకుంటూ వెళ్ళింది. ఒక మనిషి ఒకేసారి వాయించాడని ఎవరూ అనుకోలేదు, పేరులోనే స్విచ్ ఉంది. లెస్ పాల్ కూడా రేడియోలో 'లెస్ పాల్వరైజర్' అనే పెట్టె ఒకటుందని, అది ఒక గిటార్‌ని పది చేస్తుందని జోకులు వేసేవాడు. అలాంటి పెట్టె అప్పటికి లేనే లేదు. కానీ ఏదో మాయ ఉందని మాత్రం వింటున్న ప్రతివాడికీ తెలుసు.

మా ఆఫీసులో ఒకతనికి ఇదంతా చెబితే, "బ్రో, అవుట్‌పుట్ బావుందా లేదా?" అన్నాడు. బావుంది. రికార్డింగ్ అంటేనే ఒక రకం నాటకం, అదీ ఒప్పుకుంటాను. ఎడిట్ చేయని పాట ఇవాళ ఎక్కడుంది? నన్ను కుట్టింది నాకు దక్కకూడని మెప్పు దక్కినందుకు కాదు. ఆ మెసేజ్‌లో రెండో వాక్యం.

మనకి వరసలు మూడు కాలాల్లో నేర్పుతారు కదా. కాలం మారినా శ్రుతి కదలదు, ఆధార షడ్జం అక్కడే ఉంటుంది, చెయ్యి మాత్రమే పరుగెత్తాలి. పరుగెత్తేటప్పుడు చెయ్యి కొంత బరువు దించుకుంటుంది కూడా. గాంధారం మీద ఊపు పలచనవుతుంది, కొన్ని గమకాలు రాలిపోతాయి. ఎన్నో ఏళ్ళ మీద చెయ్యి నేర్చుకునే పొదుపు అది. టేపుకి ఆ పొదుపు తెలీదు. రెండో కాలంలో పిచ్ వీల్‌తో నేను తీరిగ్గా ఊపిన ప్రతి ఊపునీ ఉన్నదున్నట్టు రెట్టింపు వేగంలో అప్పజెప్పింది. ఏ చేతికీ సాధ్యంకాని దాన్ని మాస్టారు విన్నారు. విని, లోపం తన చేతిలో వెతుక్కున్నారు.

'లవర్' విని తమ వేళ్ళని తిట్టుకున్న కుర్రాళ్ళు ఉండే ఉంటారు. కానీ వాళ్ళెవరో లెస్ పాల్‌కి తెలీదు. నాకు మాస్టారి ఫోన్ నంబర్ తెలుసు.

మూడు వారాల తర్వాత ఫోన్ చేశాను. స్పీడు గురించి, టేపు గురించి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అదా సంగతి! నేను రెండ్రోజులు కూర్చుని ప్రయత్నించాన్రా" అని నవ్వారు. ఆ నవ్వులో కోపం ఉందేమోనని వెతికాను. దొరకలేదు, లేదనీ చెప్పలేను. "సరే, రెండో కాలం నువ్వే వాయించావు కదా? అది పంపు."

ఆ రాత్రి టేపుని రికార్డ్ చేసిన వేగంలోనే పెట్టి విన్నాను. స్వరాల మధ్య ఎడాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. వేగం రెట్టింపైనప్పుడు తప్పు కూడా సగమైపోయి వినబడలేదన్నమాట. ఆవర్తనం చివర చెయ్యి తాళం కంటే ముందే పరుగెట్టేసింది. అది పదకొండో టేకు.

ఇంకా పంపలేదు. రోజూ రాత్రి భోజనం అయ్యాక ఓ అరగంట మొదటి కాలంలో వాయిస్తున్నాను.