పాలపిట్టా, తోకచుక్కా

దసరా సాయంత్రం కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో జనం కొత్త బట్టలు కట్టుకుని ఊరి బయటికి నడుస్తారు. జమ్మి ఆకు తెంపి బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. దారిలో పాలపిట్ట కనబడితే ఏడాదంతా మంచే జరుగుతుందని నమ్మకం. 2024లో ఆ పండుగ అక్టోబరు 12న వచ్చింది. సరిగ్గా అదే రోజు సుచిన్‌షాన్-అట్లాస్ అనే తోకచుక్క భూమికి దాదాపు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలోకి వచ్చింది. ఆ ప్రయాణంలో అది మనకు అంతకంటే దగ్గరికి రాలేదు.

పిట్ట శుభశకునం, చుక్క అపశకునం. ఒకదాన్ని చూడటానికి పిల్లల్ని వెంటబెట్టుకుని పోతాం. రెండోదాన్ని చూడొద్దని ఇంట్లోకి లాక్కుపోయిన పెద్దలు ఒకప్పుడు ఊరూరా ఉండేవారు. నిజంగా ఆకాశం మనల్ని ఉద్దేశించి ఏమైనా చెబుతుందా? చెప్పదని తేలితే, దాని ముందు చేతులు జోడించడానికి ఇంకేం మిగులుతుంది?

భయపడ్డవాళ్లు చూడలేదనుకుంటే పొరపాటు. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో రాసిన బృహత్సంహితలో కేతువులకు, అంటే తోకచుక్కలకు, ఒక అధ్యాయమే ఉంది. చుక్క ఏ దిక్కున లేచింది, దాని రంగేమిటి, ఏ నక్షత్రాన్ని తాకింది, దాన్నిబట్టి ఏ దేశపు రాజుకు కీడు, అన్నీ వివరంగా ఉంటాయి. అంత నిశితంగా చూడనిదే అంత రాయలేరు. అందులోనే రెండు మాటలు ఇప్పటికీ ఆలోచనలో పడేస్తాయి. కేతువు ఎప్పుడు కనబడుతుందో, ఎప్పుడు మాయమవుతుందో గణితంతో తెలుసుకోలేమని ఆయన ఒప్పుకున్నాడు. కేతువులు నూటొకటని కొందరు, వెయ్యని కొందరు అంటుంటే, ఉన్నది ఒక్కటే, రూపాలే అనేకమని నారదుడు చెప్పిన సంగతీ అక్కడే రాశాడు.

సుమారు పన్నెండు శతాబ్దాల తరవాత ఎడ్మండ్ హేలీ 1531, 1607, 1682లలో కనబడ్డవి మూడు చుక్కలు కావని, ఒక్కటే మళ్లీ మళ్లీ వస్తోందని లెక్కగట్టాడు. 1758 చివరికో ఆ తరవాతి ఏడాది మొదటికో తిరిగి వస్తుందన్నాడు. 1742లో ఆయన చనిపోయాడు. 1758 డిసెంబరు 25 రాత్రి దాన్ని మొదట చూసింది ఏ రాజాస్థానపు ఖగోళవేత్తా కాదు, జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర వ్యవసాయం చేసుకునే యోహాన్ పాలిట్ష్. మక్కలు, వరి, చెరకు పండించే కామారెడ్డి జిల్లాలో ప్రతి బడిలోనూ పిల్లలకు చెప్పదగిన పేరు అది.

హేలీ పేరుతోనే పిలిచే ఆ చుక్క 1910లో వచ్చినప్పుడు తోకలో సయనోజన్ వాయువు ఉందని తెలిసి యూరప్, అమెరికాల్లో జనం హడలిపోయారు. మే 6న లండన్‌లో ఎడ్వర్డ్ చక్రవర్తి మరణించాడు, రాజు పోతాడన్న సామెత నిజమైందన్నారు. ఇన్ని రాజ్యాల లోకంలో చుక్క పొడిచాక ఎవరో ఒక రాజు పోకుండా ఉంటాడా? ఆ ఏడాదే గురజాడ ‘ముత్యాల సరములు’ రాసి, ఆ చుక్కను భయం వైపు నుంచి సంస్కరణ వైపు తిప్పాడు. అది ఎంతో ధైర్యమైన పని. అయితే ఆయన కూడా చుక్క చేతికి మనకోసం ఒక కబురు ఇచ్చి పంపినట్టే.

భగవద్గీత పదకొండో అధ్యాయంలో అర్జునుడు విశ్వరూపం చూపమని తనే అడిగాడు. చూశాక వణికిపోయి, అలవాటైన రూపంలోకి రమ్మని వేడుకున్నాడు. తోకచుక్కను శకునంగా మార్చుకోవడం అచ్చంగా అలాంటి వేడుకోలే. అంతులేని దూరం నుంచి, మనం పుట్టకముందెప్పుడో బయల్దేరిన మంచుగడ్డను మన వాకిట్లోకి, మన పెళ్లిళ్లూ చావుల లెక్కలోకి కుదించేస్తే భరించగలం. అందులో అవిశ్వాసమేమీ లేదు, తట్టుకోలేనితనం ఉంది. కెమెరా పట్టుకుని చీకట్లో నిలబడే ఔత్సాహికుడు మాత్రం ఆ పెద్ద రూపాన్ని ఇంకాసేపు అలాగే ఉండనిస్తాడు.

2024 అక్టోబరు మధ్యలో ఈ పని చేయడానికి ఎల్లారెడ్డి మంచి చోటైంది. కామారెడ్డి పట్టణపు వెలుగు ఈశాన్యంలో, వీపు వెనక ఉండిపోతుంది. చూడాల్సింది పడమర, నిజాంసాగర్ నీళ్లున్న వైపు. అప్పుడు పొద్దుగుంకాక శుక్రుడికి, స్వాతి నక్షత్రానికి మధ్య వెతకాల్సి వచ్చింది. ట్రైపాడ్ మీద మామూలు కెమెరా, 50 మిల్లీమీటర్ల లెన్సు చాలు. ముందు శుక్రుణ్ణి తెరమీద పెద్దగా చేసి ఫోకస్ కుదుర్చుకోవాలి. ఒక్కో ఫొటోకు అయిదు సెకన్లు, అలా పదుల ఫొటోలు. పొలాల మీది తేమ లెన్సుకు పడుతుంటే తుడుచుకుంటూ ఉండాలి.

తరవాత ఆ ఫొటోలన్నీ కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చాలి. అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. నక్షత్రాలను కలిపి పేరిస్తే చుక్క తల చెదిరి అలుక్కుపోతుంది. చుక్కను కలిపి పేరిస్తే నక్షత్రాలు చిన్న చిన్న గీతలవుతాయి. ఏది కదలనట్టు కనబడాలో పేర్చేవాడే నిర్ణయించుకోవాలి. వాన మనకోసమే కురిసిందనీ, చుక్క మనమీదికే వచ్చిందనీ అనుకునే మనిషికి ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు?

తెలంగాణకు ఈ విద్య కొత్త కాదు. నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన తండ్రి దగ్గర ఆకాశం చూడటం నేర్చుకుని, నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు 1949లో హార్వర్డ్‌లో ఒక ఫొటో పలకమీద కొత్త తోకచుక్కను గుర్తించాడు. బప్పు-బాక్-న్యూకర్క్ అని దాని పేరు.

లెక్కలు ఇంతగా పెరిగినా వరాహమిహిరుడి మాట సగం మిగిలే ఉంది. దారి చెప్పగలం, వెలుగు చెప్పలేం. 2013లో ఐసాన్ శతాబ్దపు తోకచుక్క అవుతుందని ఎదురుచూస్తే నవంబరు 28న సూర్యుడి దగ్గర చెదిరిపోయింది. సుచిన్‌షాన్-అట్లాస్ సూర్యుణ్ణి చేరకముందే ముక్కలవుతుందని తోకచుక్కల అధ్యయనంలో తలపండిన సెకానినా 2024 జులైలో అంచనా వేస్తే, అది సెప్టెంబరు 27న సూర్యుణ్ణి చుట్టి నిక్షేపంగా బయటపడింది. నెల తిరిగేసరికి మరో అట్లాస్ చుక్క సూర్యుడి వేడికి ఆవిరైపోయింది. శకునం పోయినంత మాత్రాన ఆశ్చర్యం పోలేదు. ఏం జరుగుతుందో తెలియక రాత్రి ఆకాశం కింద నిలబడటం భక్తులకు కొత్త విషయమా?

పాలపిట్ట ఆచారం జనాన్ని ఊరి బయటికి, తలెత్తి చూడటానికి తీసుకుపోతుంది. అందుకే అది నిలవాలి, పిట్టను పంజరంలో పెట్టి డబ్బులకు చూపించడం మాత్రం పోవాలి. తోకచుక్క భయం ఇంట్లోకి లాగింది, అది పోతే ఎవరికీ నష్టం లేదు.

హేలీ చుక్క మళ్లీ 2061 జులై 28న సూర్యుడికి దగ్గరగా వస్తుంది. ఈ రోజు ఎల్లారెడ్డి బడిలో చదివే పిల్లలకు అప్పటికి నడివయసు. తేదీ ఇప్పటికే ఖాయం. జులై అంటే ఇక్కడ నాట్ల కాలం, ముసురు కాలం. ఆ సాయంత్రాల్లో మబ్బు విడుస్తుందో లేదో చెప్పే లెక్క ఎవరి దగ్గరా లేదు.