అడ్డపొగ, ఖర్మ

శ్రీకాకుళం, విశాఖ తీరపల్లెల్లో కొందరు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోట్లో పెట్టుకుని తాగుతారు. దాన్ని అడ్డపొగ అంటారు. ఆ వేడికీ పొగకూ అంగిలి తెల్లబారుతుంది. కొందరికి అక్కడే క్యాన్సర్ పుడుతుంది. చుట్టుపక్కలవాళ్లు ‘ఖర్మ’ అనేస్తారు. కారణం ఉందంటే నేరం ఉన్నట్టేనా? క్యాన్సర్ మొదలయ్యేది కణంలో. కణం రెండుగా చీలే ప్రతిసారీ సుమారు 600 కోట్ల జతల అక్షరాల జన్యులిపికి నకలు తీయాలి. తప్పులు దొర్లుతాయి. చాలావాటిని కణమే దిద్దుకుంటుంది. దిద్దుకోలేకపోతే పి53 అనే ప్రొటీన్ దాన్ని చచ్చిపొమ్మంటుంది. ఆ కాపలా కూడా చెడినప్పుడే ముప్పు. ఈ లెక్కలో పాపపుణ్యాల పద్దు ఎక్కడా కనబడదు.

చేసిన పనికి ఫలమే కదా కర్మ, చుట్ట తాగింది ఆవిడేగా అనొచ్చు. మాటలో పస ఉంది. కానీ అంతే తాగిన పక్కింటావిడకు ఏమీ కాదు, ఊయల్లో పిల్లకు లుకేమియా వస్తుంది. అది పూర్వజన్మ బాకీ అంటారా? బౌద్ధ గ్రంథం సంయుత్త నికాయంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు అడిగితే బుద్ధుడు బాధకు పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువులు వగైరా ఎనిమిది కారణాలు చెప్పాడు. వాటిలో కర్మ ఒక్కటి మాత్రమే. (మన వీధి వేదాంతులకు మిగతా ఏడూ గుర్తుండవు.) పైగా తెల్లమచ్చ దశలోనే చుట్ట మానేస్తే చాలామందికి అంగిలి తిరిగి మామూలవుతుంది. పాతబాకీ అయితే చుట్ట ఆర్పగానే ఎలా తీరుతుంది?